తాహితి దీవి – తియారె పూవు

విశాఖపట్టణము భూమధ్యరేఖకు ఉత్తరమున 17 డిగ్రీల పైచిల్లర దూరమున నున్నది. ఆ రేఖకు దక్షిణమున ఇంచుమించు అంతే దూరమున, పసిఫిక్ మహాసముద్రము నడుమ, తాహితి యను దీవి కలదు. మనకు వేసవి యైనపుడు వారికి చలికాలము. మనకు సోమవారము తెల్లవాఱుసరికి వారికింకను ఆదివారము మధ్యాహ్నము దాటియుండును. మా యింటివారు బడిలో భూగోళము చెప్పుదురు గావున మా యింట గోళమొకటి యున్నది. దానిపై భారతదేశమును ఎదుట నుంచుకొన్నచో తాహితి కానరాదు. గోళమును చాలవఱకు త్రిప్పవలెను. అప్పుడు కన్నులనిండ నీలిరంగే. ఆ నీలిమీద ఆవాలు చల్లినట్లు కొన్ని చుక్కలు.

నేనా దీవులను చూచినదానను కాను. వానినిగూర్చి చదువ నారంభించినది ఒక పూవు కారణమున. దాని పేరు తియారె. తాహితిభాషలో ఆ మాటకు పూవు అనియే యర్థము. మనము ‘పూలు తెండి’ అన్నచో పురుషులు ఏ పూలని యడుగక మల్లెలో కనకాంబరములో తెచ్చునట్లు, అచ్చటివారికి ఉత్తగా పూవన్నచో నీ పూవే స్ఫురించును. తక్కిన పూల కన్నిటికిని ఆ మాట చివర మఱియొక పేరు తగిలింపవలెను.

ముందు స్థలమునుగూర్చి రెండుమాటలు. తాహితి చుట్టును సముద్రమున నూటయిరువదికి దగ్గఱగా దీవులు ఐదు గుంపులుగా నున్నవి. వీని నన్నిటిని కలిపి ఫ్రెంచి పాలినీషియా యందురు. సముద్రముతోగూడ లెక్కించినచో అది ఐరోపాఖండములో ఇంచుమించు సగమంత దేశము. నేలమాత్రమే లెక్కించినచో పాత విశాఖపట్టణపు జిల్లాలో సగమైనను కాదు. 2022వ సంవత్సరపు జనాభాలెక్కల ప్రకారము అందు నివసించువారు సుమారు 2 లక్షల 79 వేలు. 1842లో ఫ్రెంచివారు తాహితిని తమ రక్షణక్రిందకు దెచ్చుకొని, 1880లో పూర్తిగా కలుపుకొనిరి. నేటికిని ఆ దీవులు ఫ్రాన్సుకు చెందినవే. లోపలి పాలన మాత్రము చాలవఱకు అచ్చటివారిచేతనే జరుగుచున్నది.

తాహితి అగ్నిపర్వతమునుండి పుట్టిన దీవి. పెద్ద కొండయొకటి, చిన్న కొండయొకటి సన్నని మెడతో గూడి యున్నందున పటములో అది సొరకాయవలె గనబడును. ఒరొహెనా యను శిఖరము 2,241 మీటర్ల యెత్తు. నడిమి భాగమంతయు లోయలు, జలపాతములు, దట్టమైన అడవి. జనము సముద్రపుటొడ్డున సన్నని పట్టీవలె నివసించును. రాజధాని పపీతె. అచ్చటి అంగడివీథి ఆదివారమునాడు కోడికూతకు ముందే మేల్కొనును. చేపలు, చేమదుంపలు, కొబ్బరికాయలు ఒకవైపు. మఱియొకవైపు స్త్రీలు కూర్చుండి మాలలు గ్రుచ్చుచుందురు. మాలను వారు ‘హెయి’ అందురు. మెడకు వేయునది వేఱు, తలకు చుట్టునది వేఱు. తలకు చుట్టునది మన పూలజడవలె వెనుకకు వ్రేలాడదు. ఆకులు, పూలు కలిపి అల్లిన కిరీటమువలె నుదుటిమీద నిలుచును. విమానమునుండి దిగిన యతిథికిని ఆ గడ్డమీద మొదట లభించునది తియారె పూవే. ఆ దేశపు విమానముల తోకమీదకూడ దీనినే చిత్రించుకొన్నారు.

ఇక పూవు సంగతి. తియారె నిలువెత్తునకు మించి, పండ్రెండడుగులదాక పెరుగు పొద. ఆకులు ఎదురెదురుగా బుట్టి, నూనె రాచినట్లు నిగనిగలాడును. పూవు తెల్లనిది, క్రింద సన్నని గొట్టము, పైన ఐదుమొదలు తొమ్మిదివఱకు రేకులు. రేకులు చక్రపుటాకులవలె కొంచెము ప్రక్కకు తిరిగి యుండును. ఒంటిరేకు నందివర్ధనమును చూచినవారు దాని రూపమును సులభముగా ఊహింపవచ్చును. కాని నందివర్ధనము గన్నేరు కుటుంబములోనిది. తియారె కాఫీ కుటుంబములోనిది. అరకు కొండలలో కాఫీచెట్లు పూచినపుడు పోయినవారికి ఈ కుటుంబపు తెల్లపూల వాసన యెట్టిదో కొంత తెలిసియుండును.

దీనికి మనదేశమున దగ్గఱి చుట్టములు లేకపోలేదు. మన యడవులలోని బిక్కిచెట్టు తియారె జాతిలోనిదే. దాని మొగ్గలనుండి స్రవించు జిగురునే వైద్యులు నాడీహింగువందురు; పిల్లల కడుపులోని పురుగులకు మందుగా పెద్దలు వాడెడివారు. బిక్కిపూవు తెల్లగా విచ్చి మఱునాటికి పసుపువన్నె కెక్కును. మన పెరళ్లలోని గంధరాజము చీనాదేశమునుండి వచ్చిన మఱియొక యప్ప. ఈ యప్పచెల్లెండ్ర కందఱికిని శాస్త్రజ్ఞులు పెట్టిన యింటిపేరు ‘గార్డెనియా’. తోట యను అర్థముగల ఇంగ్లీషుమాటనుండి వచ్చినదని తోచునుగాని, అది అమెరికాలో వైద్యముచేసిన అలెగ్జాండరు గార్డెను అను నాతని గౌరవార్థము 1761లో ఎల్లిసు అను పండితుడు పెట్టిన పేరు. మన బిక్కికిని, వారి తియారెకును ఎక్కడనో నున్న యొక వైద్యుని యింటిపేరు! పెండ్లి చేసుకొన్నచో ఇంటిపేరు మాఱుట మన యాడువారికే యనుకొంటిని.

1830లో దకందోలు అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ పొదను వర్ణించి ‘తైతెన్సిసు’, అనగా తాహితికి జెందినది, అని నామకరణము చేసెను. కాని యిది తాహితిలో తనంతట మొలచినది కాదనియు, దీని పుట్టిల్లు పడమటి దీవులలో నున్నదనియు, మనుష్యులు చేతులమీద తూర్పునకు తెచ్చినదనియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ సంగతి చదివినప్పుడే నాకు దీనిపై నిజమైన మక్కువ కలిగినది.

ఏలయనగా ఆ తెచ్చుట సామాన్యమైనది కాదు. పాలినీషియనుల పూర్వులు సుమారు మూడువేల యేండ్లక్రిందట తోంగా, సమోవా దీవులకు చేరిరి. అచ్చట అనేకతరములు నివసించి, పిదప, సుమారు వేయియేండ్లక్రిందట, మఱల నావలెక్కి తాహితి మొదలగు తూర్పుదీవులకు వ్యాపించిరి. రెండు దోనెలను ప్రక్కప్రక్కన నుంచి, దూలములతో బిగించి, నడుమ బల్లపఱచి, తెరచాప యెత్తిన నావలవి. ఇనుపమేకు ఒక్కటియు లేదు. కొబ్బరిపీచు త్రాళ్లతోనే కట్టు. దిక్సూచి లేదు, పటము లేదు. నక్షత్రములు పొడుచు చోటులు, కెరటముల వాలు, సాయంకాలము గూటికి మఱలు పక్షులు, ఇవియే వారి గుర్తులు. 1769లో కుక్కుదొర శుక్రుడు సూర్యబింబమున కడ్డముగా పోవుటను చూచుటకై తాహితికి వచ్చినపుడు, తుపాయియా యను పూజారి ఆతని యోడ నెక్కి, తాను తెలిసిన దీవులను పటముగా గీయించి యిచ్చెను. పాప మాతడు మఱుసటి సంవత్సరము బటేవియాలో రోగముచేత మరణించెను. ఇట్టి ప్రయాణములు కట్టుకథలని తరువాత కొందఱు పండితులు వాదింపగా, 1976లో ‘హోకూలెఆ’ యను నావను పాతపద్ధతిని నిర్మించి, యంత్రసాధనము లేవియు లేకుండ హవాయినుండి తాహితికి నడిపించి చూపిరి. దారి చూపినవాడు మైక్రోనీషియా ద్వీపవాసియైన మావు పియాయిలుగు. ఆ నావ పపీతె రేవు చేరినపుడు వేలకొలది జనము ఒడ్డున నిలిచియుండెను.

ఆ పూర్వులు నావలో నేమి యెక్కించుకొనిరి? చేమదుంప, అరటిపిలక, కొబ్బరికాయ, సీమపనస వేరుమొక్క, చెఱకుముక్క, నారబట్టకు పనికివచ్చు చెట్టు, పసుపుకొమ్ము. అవును, మన పసుపే. ఈ జాబితా చదువుచుండగా ఎవరో మన యింటినుండియే ఆడపిల్లకు సారె పంపుచున్నట్లు నాకు తోచినది. పందులు, కోళ్లు, కుక్కలు సరేసరి. నావపై జానెడు చోటునకు విలువ, దోసెడు మంచినీటికి అంతకంటె విలువ. ఉప్పుగాలి సోకకుండ ప్రతిమొక్కను ఆకులతో చుట్టి కాపాడవలెను. ఆ యిరుకులో, తినుటకు పండు నీయని, కట్టుటకు నార నీయని తియారె కొమ్మకుగూడ చోటు దొరకినది. తమ వంతు మంచినీటిలో దానికిని నాలుగు చుక్కలు పోసిరి. దానిని నావలో నెక్కించిన చేయి ఆడుదాని చేయి యనియే నా నమ్మకము.

ముక్కు తిమ్మనగారి పారిజాతాపహరణమున సత్యభామ అలుకకొఱకు దేవలోకపు చెట్టు భూమికి వచ్చినది. అది గరుడవాహనుని పని. ఇంద్రునితో యుద్ధము గావలసివచ్చెను. తియారెకొఱకు ఎవరును యుద్ధము చేయలేదు. కాని నెలలకొలది ఉప్పునీటిమీద దానిని బ్రతికించుకొనివచ్చుట యుద్ధముకంటె సులభమని నే ననుకొనను.

పూవు ధరించు పద్ధతి యచ్చట వేఱు. జడలో తుఱుముటకంటె చెవిమీద నుంచుకొనుట యెక్కువ. ఎడమచెవిమీద నున్నచో ఆమె మనస్సు ఒకరికి చెందినదని యర్థము. కుడిచెవిమీద నున్నచో ఇంకను ఎవరికిని చెందలేదని యర్థము. పురుషులును పెట్టుకొందురు, వారు తఱచుగా విచ్చని మొగ్గను, స్త్రీలు విచ్చిన పూవును. పడవ నడుపువాడు, బండి తోలువాడు, కచేరీలో లెక్కలు వ్రాయువాడు, మనుమల నెత్తుకొన్న అవ్వ, ఎవరి చెవిమీద జూచినను తెల్లపూవు.

ఇది చదివినపుడు నాకు మా మేనత్త జ్ఞప్తికి వచ్చినది. ఆమె పదునెనిమిదవయేట భర్తను గోల్పోయినది. మాల కట్టుటలో ఆమెకు సాటివచ్చువారు మా పుట్టినూర లేకుండిరి. వేకువనే స్నానముచేసి, తడిబట్టలో పూలు మూటగట్టుకొనివచ్చి, అరటినారతో దేవునికి మాల, మాకు జడదండలు కట్టెడిది. తన తలలో మాత్రము రేకైనను ఉంచుకొని యెఱుగదు. పనియైన పిదప వ్రేళ్లను కడిగికొనక, కొంతసేపు కొంగులో దాచుకొని కూర్చుండెడిది. అప్పుడు నేను చిన్నదానను. చేతులు చలిగా నున్నవి కాబోలునని తలచెడిదానను. మనలో పూవు, పసుపు, కుంకుమ భర్తతో వచ్చునవి కావు, పుట్టుకతోనే వచ్చునవి. అయినను ఆయనతో పోవునవిగా జేసినారు. తాహితిలో భర్తలేని స్త్రీ పూవును తీసివేయనక్కఱలేదు. చెవి మార్చిన చాలును. మనదేశమున నీ యాచారము నేడు చాలవఱకు సడలినది నిజమే. కాని పేరంటములో పూలపళ్లెము ఒకరిని దాటి మఱియొకరి యొద్దకు పోవుటను చూడని సోదరి మనలో నున్నదా?

ఆ దీవులలోగూడ పూలకు గడ్డుకాలము రాకపోలేదు. 1797లో లండను మతబోధకసంఘమువారు ‘డఫ్’ అను నోడలో తాహితికి వచ్చిరి. రాజైన రెండవ పొమారె 1819లో క్రైస్తవమును స్వీకరించి, వారి తోడ్పాటుతో శాసనములు వెలువరించెను. ఆ కాలపు కట్టుబాట్లవలన పాతనాట్యములు, పచ్చబొట్లు నిషిద్ధములైనవి. పచ్చబొట్టునకు ఇంగ్లీషువారు వాడు మాట తాహితిభాషనుండి పోయినదే యన్నది ఇచ్చట చెప్పదగిన వింత. పూలు ముడుచుటయు శరీరముపై వ్యామోహమునకు గుర్తని బోధకులు నిరసించిరి. మెడనుండి పాదములవఱకు కప్పు గౌనులు వచ్చినవి. పూవు తలనుండి దిగినదిగాని పెరటినుండి పోలేదు. పెరడు ఆడువారిది. కొంతకాలమునకు, కట్టడి సడలినకొలది, మెల్లగా మఱల చెవిమీది కెక్కినది.

ఈ మార్పునకు సాక్ష్యమొకటి చిత్రరూపమున నున్నది. గోగాను అను ఫ్రెంచి చిత్రకారుడు 1891లో తాహితికి వచ్చి, తన యింటికి పొరుగున నున్న యొక స్త్రీని చిత్రించెను. దాని పేరు ‘వహీనె నో తె తియారె’, అనగా పూవుతోనున్న స్త్రీ. ఆమె బోధకులు నేర్పిన నిండుగౌను ధరించియున్నది. వ్రేళ్లనడుమ పూవు పట్టుకొన్నది. బొమ్మకు కూర్చుండుటకు ముందు తనకున్న మంచిదుస్తులు కట్టుకొని వచ్చెనట. ఆ పటము నేడు కోపెన్‌హాగెను నగరపు చిత్రశాలలో నున్నది. ఈ చిత్రకారుని కళను లోకము మెచ్చినది. పదుమూడు పదునాలుగేండ్ల బాలికలను ఇంట నుంచుకొన్న యాతని నడవడిని మాత్రము నేను మెచ్చజాలను. అయినను ఆ పటమునందలి స్త్రీ మొగము చూడుడు. చిత్రకారునికొఱకు నవ్వలేదు. తియారెను పట్టుకొన్న వ్రేళ్లు తమవే యన్నట్లు నిబ్బరముగా నున్నవి.

స్వర్గమువంటి దీవులని యాత్రికుల పుస్తకములలో వ్రాయుదురు. ఆ దీవులకు చెందిన మొరురొవా, ఫంగటౌఫా యను పగడపుదిబ్బలలో ఫ్రెంచి ప్రభుత్వము 1966 మొదలు 1996 వఱకు 193 అణ్వస్త్రపరీక్షలు జరిపెనన్న మాట ఆ పుస్తకములలో తఱచుగా నుండదు. పూవునుగూర్చి వ్రాయుచు దీనిని విడుచుట నాకు న్యాయముగా తోచలేదు.

ఇక సోదరీమణులకు మిక్కిలి పనికివచ్చు సంగతి, తియారె నూనె. దానిని ‘మొనొయి’ అందురు. ఆ మాటకు పరిమళించు నూనె యని యర్థము. పల్లెలలో పాతపద్ధతి యిట్లుండును. కొబ్బరి తురిమి, తియారె పూలు కలిపి, సముద్రపుటొడ్డున శంఖములలో తలదాచుకొను ఒకవిధపు పీతను నలిపి అందులో చేర్చి, ఎండలో పెట్టుదురు. ఆ పీతవలన నూనె త్వరగా విడివడును. శాకాహారులమైన మనకు వినుటకే యొడలు జలదరించును గాని, వారికది మజ్జిగకు తోడువంటిది. కొన్ని దినములు ఎండనిచ్చి, కలియబెట్టుచు, తేలిన నూనెను వడియగట్టుదురు. పుట్టిన బిడ్డకు ఒడలంతయు ఈ నూనెయే; సముద్రముమీద పోవువారికి ఎండకును ఉప్పునకును ఇదియే; శవమునకు కడపటి యభ్యంగనమునకును ఇదియే. మన ఇండ్లలో నువ్వులను మల్లెమొగ్గలతో పొరలుపొరలుగా పఱచి, వాసన పట్టిన పిదప గానుగ కిచ్చెడివారని పెద్దలవలన వినియుంటిమి గదా. పని వేఱు, తలంపు ఒక్కటే.

నేడీ నూనె కర్మాగారములలో తయారై దేశదేశములకు పోవుచున్నది. పేరు పెట్టుకొని కృత్రిమపు వాసన కలిపి అమ్మువారు బయలుదేఱుటచేత, 1992లో ఫ్రెంచి ప్రభుత్వము ‘మొనొయి ద తాహితి’ యను పేరునకు రక్షణ కల్పించినది. ఆ పేరు వాడవలెనన్నచో కొబ్బరి ఆ దీవుల పగడపునేలలో పండినదై యుండవలెను; తియారెను మొగ్గగా నుండగనే కోసి, ఎండిపోకముందే, శుద్ధిచేసిన నూనెలో వేసి, పదిదినములకు తక్కువ కాకుండ నాననీయవలెను. మన బందరు కలంకారికిని పోచంపల్లి చీరకును ఇట్టి రక్షణయే యున్నది. పడవలో వచ్చిన మొక్కకు తాహితి పేరెట్లు చెల్లునని అడుగువా రుండవచ్చును. వేయియేండ్లు నీరుపోసి పెంచినవారిది కాక మఱెవరిది? కోడలు కూడ ఒకనాడు వచ్చినదే.

తియారె పేరుగల పూవు మఱియొకటి యున్నది. అది మన పూవునకు చుట్టము కాదు. దాని పేరు తియారె అపెతహి. తాహితికి వాయవ్యముననున్న రాయియాతెయా దీవిలో తెమెహని యను కొండమీద తప్ప ప్రపంచమున మఱియెచ్చటను సహజముగా పూయదు. ఐదు తెల్లని రేకులును ఒకేవైపునకు విసనకఱ్ఱవలె విచ్చి యుండును. తెల్లవాఱుజామున విచ్చునపుడు చిన్న చప్పుడు వినబడునట. రాకుమారుని ప్రేమించి, కులము తక్కువదగుటచే వానిని పొందజాలక మరణించిన కన్యయొక్క చేయియే ఆ పూవనియు, ఆ చప్పుడు ఆమె గుండె పగిలిన చప్పుడనియు అచ్చట కథ చెప్పుకొందురు. కథ విన్నవారందఱు కొండయెక్కి కొమ్మలు విఱిచిరి. మిగిలినవానిని ఎలుకలు కొఱికినవి. ఇప్పు డాచెట్లు మిక్కిలి కొలదిగా నున్నవి; కోయుట చట్టరీత్యా నేరము. పెరటి తియారెను ఎంత కోసిన అంత పూయును. ఈ కొండపూవు మాత్రము ఎవరి పెరటను బ్రతుక నొల్లదు.

తియారె మనకు దొరకుట కష్టము గాని, గంధరాజము దొరకును. ఆసక్తిగలవా రిట్లు చేసి చూడవచ్చును. సాయంకాలము విచ్చుటకు సిద్ధముగానున్న మొగ్గలను తడిలేకుండ తుడిచి, స్వచ్ఛమైన కొబ్బరినూనెలో మునుగునట్లు వేసి, గుడ్డ వాసెనకట్టి నీడను ఉంచవలెను. రెండుదినముల కొకసారి వాడిన పూలను తీసివేసి క్రొత్తవి వేయవలెను. లేనిచో నీరు చేరి నూనె కనరెక్కును. పదిదినములైన పిదప పలుచని గుడ్డతో వడియగట్టి సీసాలో పోసికొనవలెను. నేను పోయిన వానకాలమున చేసితిని. మార్గశిరమాసపు చలికి అది సీసాలో తెల్లగా పేరుకొన్నది. మొనొయికూడ చలికి ఇట్లే పేరుకొనునట. సీసాను కొంచెము సేపు పొయ్యిప్రక్కన నుంచినచో కరగును. అందులో సగము మా మేనత్తకు పంపితిని. తలకు రాచుకొనుటకు నూనెకదా, నూనె కెవరును అభ్యంతరము చెప్పరు.